ఊదా తీగ వెంట

బర్మింగ్‌హామ్ శివారులో మా పక్కింటాయనకు 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది. రెండు సీట్లు, గుడ్డ టాపు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన మోడలిది. పైకప్పు తెరుచుకోని జీటీ రకంతో కలిపితే లెక్క ఐదు లక్షలు దాటింది. చూడముచ్చటైన బండే. కానీ వారం రోజులు బయటికి తియ్యకపోతే స్టార్టవదు. వాన పడిన మర్నాడు ఎడమ సీటు ముందు కార్పెట్ పిండితే నీళ్ళు కారతాయి. ఇండికేటర్ వేసి బ్రేకు తొక్కితే వెనక దీపాలు గుడ్డిగా కొట్టుకుంటాయి. అంతకుముందు చూసినవాళ్ళు బ్యాటరీలు మార్చి ఊరుకున్నారు.

రిటైరైన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ రెండు శనివారాల్లో ఈ మూడింటినీ తేల్చారు. నేను చేసిందల్లా టార్చి పట్టుకోవడం.

వస్తూనే ఆయన డిక్కీ మూత తీసి, దీపం గాజు మీద వేలు పెడితే అరనిమిషంలో పని అయిపోయేది. కానీ లోపం అక్కడే ఉందని ముందు ఎవరికి తెలుసు? సీట్ల వెనక పలక ఎత్తితే రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉన్నాయి. ఎర్త్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టారు. తాళంచెవి తీసేసి ఉంది, తలుపులు మూసి ఉన్నాయి. అయినా 0.4 ఆంపియర్లు పోతున్నాయి. పన్నెండుతో గుణిస్తే సుమారు 5 వాట్లు. తడిసిన తీగలోంచి కారే కరెంటు ఇంత కుదురుగా ఉండదట. ఎక్కడో చిన్న బల్బు వెలుగుతోందన్నారు. ఫ్యూజులు నాలుగే. ఊదా తీగలున్న ఫ్యూజు లాగగానే ముల్లు సున్నాకు పడింది.

ఇక్కడ ఆ తీగల రంగుల గురించి చెప్పాలి. గోధుమ రంగుది నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు. తెల్లది తాళం తిప్పితేనే. పచ్చది తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, ఊదాది తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుది, నల్లది ఎర్త్. బ్రేకు దీపానికి పచ్చ మీద ఊదా గీత. ఈ పద్ధతి తెలిసినవాడికి ట్రయంఫ్ అయినా జాగ్వార్ అయినా ఒకటే. ఈ విద్యుత్ సామాను చేసిన లూకాస్ కంపెనీ ఈ ఊరిదే. దానికి ‘చీకటి రాకుమారుడు’ అని వెక్కిరింపు పేరుంది. నాకది అన్యాయమనిపిస్తుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా చూసి చదువుకోగలిగేలా తీగలు పరిచినవాళ్ళను అలా అనకూడదు.

ఊదా తీగ మీద ఉండేవి హారను, లోపలి దీపం, డిక్కీ దీపం. అప్పుడు తీశారు డిక్కీ. ముట్టుకుంటే బల్బు కాలుతోంది. మూత పడినా స్విచ్ తుప్పుపట్టి బిగుసుకుపోవడంతో ఆ దీపం రాత్రింబవళ్ళు చీకటి డిక్కీలో వెలుగుతూనే ఉంది. రోజుకు పది ఆంపియర్ గంటలు. వారానికి ఏ బ్యాటరీ మిగులుతుంది?

స్విచ్ మార్చి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తుప్పు ఎందుకు పట్టిందో, వెనక దీపాల తడబాటుకు కూడా అదే కారణమేమో అని వెతికారు. మీటరు ఒక కొన బ్యాటరీ ఎర్త్ మీద, రెండోది వెనక దీపాల ఎర్త్ స్క్రూ మీద ఆనించి నన్ను బ్రేకు తొక్కమన్నారు. దాదాపు సున్నా చూపాల్సిన చోట ఒక వోల్టు దాటింది. వెనక్కి పోయే దారి దొరకని కరెంటు పక్క దీపంలోంచి దూరుతోంది. అందుకే ఆ తడబాటు. స్క్రూ విప్పి, రేకును మెరిసేదాకా గీకి, బిగించి, వాసెలిన్ రాశారు.

ఇక నీళ్ళు. పెంకుటిల్లు కారితే చినుకు పడే చోటికి సరిగ్గా పైనున్న పెంకు సర్ది లాభం లేదని మనవాళ్ళకు తెలుసు. వాసం వెంట జారిన నీరు ఎక్కడో పడుతుంది. ఆయన కార్పెట్లు పీకి, కారంతా ఆరబెట్టి, అతుకుల వెంట సుద్దపొడి రాశారు. గొట్టం నీళ్ళు కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో అతుకు దగ్గర ఐదేసి నిమిషాలు ఆగి, పైకి వచ్చారు. పై నుంచి పోస్తే కిందవన్నీ తడిసి లెక్క తప్పుతుందట. ఎడమ వెనక దీపం దగ్గరికి రాగానే సుద్దలో సన్నని గీత పడింది. రబ్బరు గాస్కెట్ పెళుసై చిట్లింది. ఆ నీరు నల్ల తీగను పట్టుకుని జారి నేరుగా ఎర్త్ స్క్రూ మీదికి, అక్కడి తేమ స్విచ్ మీదికి.

కార్పెట్ తడికి ఈ చిల్లుతో సంబంధం లేదు. అద్దం ముందు హీటరుకు గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది. అందులో పడిన వాన నీరు ఒక గొట్టం గుండా కిందికి పోవాలి. ఆ గొట్టం ఏళ్ళనాటి ఆకులు కుళ్ళి పూడుకుపోయింది. నీళ్ళు నిండి లోపలికి పొంగుతున్నాయి. మెత్తటి తీగతో పొడిచి, కింద పళ్ళెం పెట్టారు. నల్లటి ముద్ద చెంచాడు పడింది.

మార్చినవి రెండే: ఒక గాస్కెట్, ఒక స్విచ్. బ్యాటరీలు పాతవే ఉన్నాయి.