రంగారావు తమిళం

1979లో అనుకుంటాను, నాకు తొమ్మిదేళ్ళు. సత్రపట్టిలో మా వీధి దాటాక ఉన్న టెంటు కొట్టాయిలో ‘మాయాబజార్’ వేశారు. తమిళ మాయాబజారే. తెలుగులో కూడా అదే సినిమా ఉందని అప్పట్లో మా పిల్లల్లో ఎవరికీ తెలీదు. ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చుని చూస్తున్నాం. ఘటోత్కచుడు పెళ్ళివంటకాల ముందు కూర్చున్నాడు. కొట్టాయంతా నవ్వుతోంది. మా అవ్వ మాత్రం నా చెవి దగ్గర వంగి, “వాడు మనోడురా” అంది.

అవ్వకు చదువు రాదు. తెర మీద పడిన పేర్లు ఆమె చదివింది లేదు, ఎవరూ చెప్పిందీ లేదు. “నీకెట్టా తెలుసు?” అంటే, “మాట ఇంటే తెలీదా?” అంది. అంతే. మళ్ళీ తెర వంక తిరిగిపోయింది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. మరమగ్గాలకు అప్పులివ్వడం, వసూలు చేయడం నా పని. ఎస్.వి. రంగారావు గురించి తెలుగుదేశంలో చాలామంది రాశారు. విశ్వనటచక్రవర్తి అన్నారు, నటసార్వభౌముడన్నారు. బిరుదుల మీద నాకు తగవు లేదు గానీ, బిరుదు చెప్పాక ఇక ఆయన ఏం చేశాడో చెప్పనక్కరలేదని అనుకోవడం మీద ఉంది. పైగా వాళ్ళంతా చూసింది తెలుగు రంగారావును. తమిళ రంగారావును చూసి పెరిగిన తెలుగువాళ్ళం మనం. ఆ లెక్క మనమే రాయాలి.

జీవితం సంగతి క్లుప్తంగా చెబుతాను. సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న కృష్ణాజిల్లా నూజివీడులో పుట్టాడు. చదువు మద్రాసులో కొంత, ఏలూరు, విశాఖపట్నాల్లో కొంత, చివరకు కాకినాడలో బి.ఎస్సీ. మద్రాసులో బడికి వెళ్ళిన పిల్లవాడికి తమిళం ఎలా వచ్చిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలు వేశాడు. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి ఆ క్లబ్బు నుంచి వచ్చినవాళ్ళే. చదువయ్యాక అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశాడు. 1947లో ‘వరూధిని’లో ప్రవరుడు. సినిమా పోయింది. మనిషి జంషెడ్‌పూరు వెళ్ళి టాటా కంపెనీలో చేరిపోయాడు. ఇక్కడ నేనొక నిమిషం ఆగుతాను. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో మొదటి చిత్రం ఆడకపోతే, నెల జీతం దొరికిన చోట కుదురుకుంటే, ఆ జీతం వదిలి మళ్ళీ మద్రాసు రైలెక్కడం ఎంత పనో జీతగాడికే తెలుస్తుంది. నేనైతే ఎక్కేవాణ్ణి కాను. ఆయన ఎక్కాడు. 1950లో విజయావారి ‘షావుకారు’లో సున్నం రంగడు, 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు వెనక్కి చూసుకునే తీరిక లేకపోయింది. 1974 జూలై 18న మద్రాసులోనే పోయాడు. యాభై ఆరేళ్ళు. కంసుడుగా వేసిన ‘యశోదకృష్ణ’ ఆయన పోయాక, 1975లో విడుదలైంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘మాంగల్యబలం’, ‘గుండమ్మకథ’ – ఇవన్నీ తమిళంలోనూ వచ్చాయి. హీరోలు చాలాసార్లు మారారు. తెలుగులో రామారావో నాగేశ్వరరావో ఉన్నచోట తమిళంలో జెమినీ గణేశన్ వచ్చాడు. రంగారావు మాత్రం మారలేదు. తమిళం కూడా తన గొంతుతోనే చెప్పుకున్నాడు. అంటే ఒకే నటుడు, ఒకే పాత్ర, రెండు భాషలు. పక్కన పెట్టి సరిచూసుకోవడానికి ఇంతకన్నా మంచి ఖాతా పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఎవరూ సరిచూసినట్టు నాకు కనబడలేదు. నేను నాలుగైదు జతలు చూశాను, కొన్ని రెండేసి సార్లు.

‘మాయాబజార్’లో తేడా తక్కువ. ఘటోత్కచుడు అరిచే పాత్ర, నవ్వే పాత్ర. పింగళి నాగేంద్రరావు వీరతాళ్ళు, గింబళులు తెలుగువాడి నాలుక మీదే దొర్లుతాయి. తమిళంలో ఆ రుచి కొంత పోయింది. పాట మాత్రం పోలేదు. తంజై రామయ్యదాసు రాసి తిరుచ్చి లోకనాథన్ పాడిన భోజనాల పాట ఇవాళ్టికీ మా రాజపాళయం పెళ్ళిళ్ళలో బంతి వేయగానే మోగుతుంది. తెలుగు ఇళ్ళలో కూడా తమిళ పాటే మోగుతుంది, మాధవపెద్ది సత్యం పాడినది కాదు. అది వేరే సంగతి. ఈ చిత్రంలో రంగారావు ప్రతిభకు సాక్ష్యం ఆయన కనబడని చోట ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక సావిత్రి నడిచిన నడక, విరిచిన భుజం, ఎత్తిన కనుబొమ్మ చూడండి. మనకు వెంటనే రంగారావు కనబడతాడు. ఒక నటుడి తీరును ఇంకొకరు పట్టి చూపగలిగారంటే, ఆ తీరుకు అంత స్పష్టమైన గీత ఉండాలి. ఏదో లావుపాటి మనిషి గట్టిగా అరిచాడు అనేవాళ్ళకు సావిత్రే సమాధానం.

నన్ను కట్టిపడేసిన జత మాత్రం వేరే. 1960లో భీంసింగ్ తీసిన ‘పడిక్కాద మేదై’. దాన్నే తెలుగులో 1962లో ‘ఆత్మబంధువు’గా తీశారు. చదువు లేని, అయినవాళ్ళు లేని కుర్రవాణ్ణి పెద్దింటివాళ్ళు పెంచుతారు. ఆస్తి పోతుంది, కొడుకుల మనసులు మారతాయి, పెంచిన కుర్రవాడొక్కడే పెద్దవాళ్ళకు మిగులుతాడు. ఆ కుర్రవాడు తమిళంలో శివాజీ గణేశన్, తెలుగులో రామారావు. ఇంటి పెద్ద రెండిట్లోనూ రంగారావు, ఆయన భార్య రెండిట్లోనూ కన్నాంబ. సంగీతం కూడా రెండిటికీ కె.వి. మహదేవనే. కామర్సు చదివినవాణ్ణి గనుక ఒక లెక్క చెప్పనివ్వండి: శివాజీ కంటే రంగారావు పదేళ్ళు పెద్ద, రామారావు కంటే అయిదేళ్ళే పెద్ద. 1960లో ఆయనకు ఇంకా నలభై రెండు. నాకిప్పుడు అంతకన్నా ఎక్కువ. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తే మా నాయన గుర్తొస్తాడు, నేను గుర్తురాను.

తెలుగులో ఆ పాత్ర బాగుంది. తమిళంలో ఇంకా బాగుంది. ఈ మాట తెలుగు పత్రికలో రాయడం కొందరికి రుచించకపోవచ్చు. తెలుగులో రంగారావుకు మాట అడ్డం లేదు. కోపం వస్తే వాక్యం దడదడా వచ్చేస్తుంది, జాలి వస్తే గొంతు జారిపోతుంది. అందులో తప్పేమీ లేదు. తమిళంలో అలా కుదరదు. ఆయన ఒక్కొక్క మాటను తూచి పెడతాడు. మాటకూ మాటకూ నడుమ ఒక “ఊఁ” ఉంటుంది, ఒక చూపు ఉంటుంది. మాట చివరి అచ్చు రవ్వంత సాగుతుంది. మా అవ్వ పట్టుకున్నది ఆ సాగుడునే. ఎదురుగా శివాజీ. ఆయన వాక్యాన్ని ఉరుమించగలడు, ఏడిపించగలడు, తమిళం ఆయనకు కట్టిన గుర్రం. ఆ గుర్రంతో పందెం వేస్తే రంగారావు ఓడిపోయేవాడు. ఆయన పందెం వేయలేదు. నెమ్మదిగా మాట్లాడి, తక్కువ మాట్లాడి, మిగిలినది ముఖానికి వదిలేశాడు. ఇల్లు పోగొట్టుకున్న పెద్దమనిషి నిజంగానే అలా మాట్లాడతాడు. అప్పు తీర్చలేక నా బల్ల ముందు కూర్చున్న మగ్గాల యజమానులను చూశాను. వాళ్ళకు మాటలు రాక కాదు. ఒక మాట ఎక్కువైతే పరువు పోతుందని లోపల అంచనా కట్టుకుంటూ ఉంటారు.

అందులో కుర్రవాణ్ణి తలచుకునే పాట ఉంది. తమిళంలో అది సుబ్రహ్మణ్య భారతి కన్నన్‌ను సేవకుడిగా భావించి రాసిన కవిత. శీర్కాళి గోవిందరాజన్ పాడారు. తెలుగులో ఆ ఘట్టానికి ఘంటసాల పాడారు. ఘంటసాల గొంతును తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. కానీ శీర్కాళిది కంచు గొంతు, ఆ గొంతుకు తగ్గట్టు నటించబోతే ముఖం కూడా గట్టిగా అరవాలి. రంగారావు ఆ పని చేయలేదు. పాట పైకి పోతుంటే ఆయన ముఖం లోపలికి పోతుంది. పాటకూ మనిషికీ మధ్య ఆ దూరం ఉండబట్టే అది ఎవరో వెనక నుంచి పాడిన పాటలా కాక, ఆయన మనసులో ఆయనకే వినబడుతున్న పాటలా ఉంటుంది.

ఈ సంగతి నాకు ఎందుకు తట్టిందంటే, నా సొంత అనుభవం ఒకటుంది. ఉద్యోగంలో రెండేళ్ళు ఆంధ్రాలో ఒక జిల్లా కేంద్రంలో పనిచేశాను. మన భాష ఊరు గదా అని సంబరంగా వెళ్ళాను. మొదటి వారంలోనే తోటివాళ్ళు నా మాట విని నవ్వారు. “మీది ఏ జిల్లా తెలుగండీ?” అన్నారు. నేను ఇంట్లో మాట్లాడే మాట అక్కడ ఎవరికీ కొత్తగానో పాతగానో తోచింది. దాంతో భయం పట్టుకుంది. ప్రతి మాటా ముందు లోపల ఒకసారి చెప్పుకుని, సరిగ్గా ఉందనుకున్నాక పైకి అనేవాణ్ణి. మూడు మాటలు చాలిన చోట రెండే అనేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక ముసలి రైతు, “ఆఫీసరు గారు తొందరపడి మాట తూలరు” అని నలుగురిలో మెచ్చుకున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, గుండె కూడా కొంచెం పట్టేసింది. నా తెలుగు అక్షరాలు కూడా ఆ ఊళ్ళో బజారు బోర్డులు చూసి నేర్చుకున్నవే. ఈ వ్యాసంలో దిద్దుబాటు ఎంత ఉంటుందో సంపాదకులకు తెలుసు.

రంగారావు తమిళంలో చేసిన పనే నేను తెలుగులో చేశాను. ఆయనది పరాయి భాష, నాది తల్లిభాష. మనలో చాలామంది పరిస్థితి ఇదే కనుక చెబుతున్నాను. ఆయన ఆ తడబాటును దాచుకోలేదు. దాన్ని పాత్రకు ఇచ్చేశాడు. ‘కర్పగం’లో (1963) కూతురు పోయాక అల్లుడికి మళ్ళీ పెళ్ళి చేసే తండ్రి ఉన్నాడు, అక్కడా ఆ తూచి మాట్లాడడమే ఆ తండ్రికి బలం. ‘నానుం ఒరు పెణ్’ (1963) జమీందారు ఇంకా పొగరుబోతు. ఆ పాత్రను ఆయన తమిళంలో, హిందీలో, ‘నాదీ ఆడజన్మే’గా (1965) తెలుగులో, మూడు భాషల్లోనూ వేశాడు. హిందీది నాకు అంతగా నచ్చలేదు. అక్కడ నెమ్మది బరువుగా మారింది.

లోపాలు కూడా చెప్పాలి. ఇంట్లో మంచి పాత్ర ఒక్కటుంటే అందులో నాలుగు పూటలు వండినట్టు, ఈ పెద్దింటి తండ్రి వేషాన్ని నిర్మాతలు అరగదీశారు. శాలువా, చేతికర్ర, చివర్లో గుండెనొప్పి. ఆయన కూడా కాదనలేదు. అరవైల చివర వచ్చిన కొన్ని చిత్రాల్లో ఆయన కళ్ళలో విసుగు నాకు కనబడుతుంది. తమిళంలో ఆయన భుజాల మీద కథంతా పెట్టిన చిత్రం ఒక్కటి లేకపోయింది. తెలుగులో అలా పెట్టినవాడు బి.ఎన్. రెడ్డి. ‘బంగారుపాప’ (1955) జార్జ్ ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా తీసింది. నవలలో నాయకుడు మా సత్రపట్టివాళ్ళలాగే నేతగాడు. తెలుగులో కోటయ్య మొరటు మనిషి, దొరికిన బిడ్డ చేతుల్లో మెత్తబడతాడు. ఇంగ్లీషు పల్లెటూరి మనిషి వాసన ఎక్కడా తగలదు. ఇది తమిళంలోకి రాలేదు, వచ్చి ఉంటే మా అవ్వ ఏమనేదో.

కీచకుడి సంగతి అందరూ రాశారు గనుక వదిలేస్తున్నాను. ‘నర్తనశాల’కు (1963) జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమనటుడన్నారు. ఢిల్లీ మాత్రం ఆయన బతికుండగా పద్మశ్రీ కూడా ఇవ్వలేదు. 2013లో తపాలా బిళ్ళ వేశారు.

మా శాఖలో ఒక తమిళ మిత్రుడు ఉండేవారు, నాకన్నా పెద్దవారు. రంగారావు తెలుగువాడంటే ఆయన నమ్మలేదు. “నమ్మ రంగారావ్” అన్నారు. నేను వాదించబోయి ఆగాను. ఆయనా మా అవ్వ అన్న మాటే అంటున్నారు, వేరే భాషలో. అయితే ఆయనకు ఆ సాగిన అచ్చు వినబడలేదా, వినబడినా అది తమిళంలో ఒక తీరే అనుకున్నారా, అడగవలసింది. అడిగేలోగా ఆయన పదవీ విరమణ చేసి వెళ్ళిపోయారు.

పాఠకుల్లో ఎవరైనా రెండూ చూడదలిస్తే ‘పడిక్కాద మేదై’ ముందు చూడండి. ‘ఆత్మబంధువు’ మర్నాడు చూడండి, అదే రోజు వద్దు. పాట దగ్గర ఒకసారి శబ్దం తీసేసి చూడండి. ఏ భాషదో పోల్చుకోగలరేమో నాకు రాయండి. నేను పోల్చుకోగలిగాను గానీ, ఎలాగో నాకే సరిగ్గా తెలియలేదు.