చెడురక్తము నిజముగా చెడ్డదా?

ఉన్నత పాఠశాలలో గోడకు వ్రేలాడు రక్తప్రసరణ పటమునందు హృదయపు ఎడమభాగము ఎరుపుగను, కుడిభాగము నీలముగను ఉండును. ఎర్రనిది మంచిరక్తము, నీలమైనది చెడురక్తము అని విద్యార్థులు చిరకాలము వల్లించిరి. తరువాతి పుస్తకములు ఈ పేర్లను విడిచి, ఆమ్లజని సహిత రక్తము, ఆమ్లజని రహిత రక్తము అని వ్రాసినవి. పేరు మారినది గాని పొరపాటు పోలేదు.

పటమువలన మేలు లేకపోలేదు. రక్తము ఒక చుట్టు తిరిగి వచ్చుటకు హృదయము గుండా రెండుమారులు పోవలెననియు, కుడి ఎడమల రక్తములు కలియవనియు ఆ రంగులు తేటగా చూపును. గుర్తులను యథార్థమని తలచినప్పుడే చిక్కు. మానవుని రక్తము ఏ నాళమునందును నీలముగా ఉండదు. ఆమ్లజని తగ్గినప్పుడు ముదురు ఎరుపగును. చర్మము క్రింది సిరలు నీలముగా కనబడుటకు కారణము, వెలుతురు చర్మములో చెదరి కంటికి తిరిగి వచ్చు తీరేగాని రక్తపు రంగు కాదు.

ఇక 'రహిత' అను మాట. రహితమనగా బొత్తిగా లేనిది. విశ్రాంతిగా నున్న ఆరోగ్యవంతుని ధమనులలో 100 ఘన సెంటీమీటర్ల రక్తమునందు సుమారు 20 ఘన సెంటీమీటర్ల ఆమ్లజని ఉండును. అవయవములనుండి మరలి వచ్చు రక్తమునందు ఇంకను 15 మిగిలి ఉండును. అనగా 'రహిత' రక్తమునందు సుమారు నాలుగింట మూడు వంతుల ఆమ్లజని కలదు! బొగ్గుపులుసు వాయువు లెక్క మరింత ఆశ్చర్యకరము. అది సిరల రక్తమునందు సుమారు 52, ధమనుల రక్తమునందు 48 ఘన సెంటీమీటర్లు. 'మంచి' రక్తమునందు ఆమ్లజని కంటె బొగ్గుపులుసు వాయువే రెండింతలకు పైగా ఉన్నదన్నమాట. రెండు రక్తములందును రెండు వాయువులు కలవని జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ 1837 లోనే చూపెను.

'ఎర్రకణములు ఆమ్లజనిని మోసికొనిపోయి, బొగ్గుపులుసు వాయువును మోసికొని వచ్చును' అను వాక్యము కూడ సగము నిజమే. ఒకే బండి పోవునప్పుడు ధాన్యము, వచ్చునప్పుడు ఊక మోయునట్లు అది తోపించును. ఆమ్లజనిలో నూటికి 98 పాళ్లు హిమోగ్లోబినులోని ఇనుముతో కూడి పయనించును. బొగ్గుపులుసు వాయువులో నూటికి సుమారు 70 పాళ్లు ఎర్రకణములోనికి ప్రవేశించి, అచటి కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అను ఎంజైము సాయమున నీటితో కూడి, బైకార్బొనేటుగా మారును. అందు చాలభాగము కణమును వీడి ప్లాస్మాలో చేరును. మిగిలిన వాయువులో కొంత హిమోగ్లోబినులోని మాంసకృత్తు భాగమును పట్టుకొనును; కొంత కరగియే ఉండును.

అంతేకాదు. బొగ్గుపులుసు వాయువు పెరిగినచోట హిమోగ్లోబిను ఆమ్లజనిని సులభముగా విడుచునని బోర్, అతని సహచరులు 1904 లో కోపెన్‌హేగెనులో కనుగొనిరి. ఎక్కువగా పనిచేయు కండరము ఎక్కువ వాయువును పుట్టించి, ఆ వాయువు చేతనే తనకు కావలసిన ఆమ్లజనిని రాబట్టుకొనును. ఇంగ్లండులో హాల్డేన్, ప్రీస్ట్లీ 1905 లో చూపినట్లు, ఊపిరి వేగమును, లోతును సామాన్యముగా నడపునది కూడ ఈ వాయువే. దీనిని కేవలము మలినమని బోధించుట న్యాయము కాదు.

పేరులో ఏమున్నదని అనిపించవచ్చును. రక్తదాతనుండి రక్తమును తీయునది సిరనుండియే. చెడురక్తమని చదివిన బాలుడు పెద్దవాడైన పిదప, 'చెడ్డది తీసి రోగికి ఎక్కింతురా?' అని సందేహించినచో తప్పు అతనిది కాదు. ఆ రక్తము రోగి సిరలో ప్రవేశించి, హృదయపు కుడిభాగము చేరి, ఊపిరితిత్తులలో ఆమ్లజనిని నింపుకొని, అవయవములకు పోవును. ఈ ఒక్క సంగతి తెలిసినచో సందేహమునకు చోటుండదు.

కనుక ఉపాధ్యాయులు పటమును తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కన నల్లబల్లపై 20, 15, 48, 52 అను నాలుగు అంకెలు వ్రాసి, నీలిరంగు గుర్తు మాత్రమేయని చెప్పి, 'రహిత' అను మాటకు బదులు 'ఆమ్లజని తగ్గిన రక్తము' అని పలికించిన చాలును. మాట కొంచెము పొడవైనను నిజమునకు దగ్గరగా ఉండును.