ఎవరి నిత్యజీవితం? ఎవరి గణితం?

గణితాన్ని నిత్యజీవితానికి ముడిపెట్టి చెప్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం ఆ మాటే అన్నది. 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రం కూడా అన్నది. దాని మీద తయారైన పుస్తకాలే తెలంగాణ వచ్చాక కూడా మన పిల్లల చేతుల్లోకి వచ్చాయి. ఇప్పుడు దీనికి తెర తోడైంది. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఖాన్ అకాడమీ, ఏక్‌స్టెప్, ఫిజిక్స్‌వాలా వంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నది. సర్కారు బడి పిల్లలకు గణితం, సైన్సు వీడియోల్లో వస్తాయంటున్నారు. మంచిదే. కానీ ఎవరి నిత్యజీవితం అని మాత్రం ఎవరూ అడగడం లేదు. మేం ఆ ప్రశ్నే అడుగుతున్నాం.

ముందు పుస్తకం సంగతి చూద్దాం. పదో తరగతి సంభావ్యత పాఠంలో నాణేలు, పాచికలు, 52 పేకముక్కలు ఉంటాయి. త్రికోణమితి అనువర్తనాల్లో ఎవడో ఒకడు దూరం నుంచి గోపురం కొన చూస్తుంటాడు. ఆ గోపురం కట్టినవాడు, దాని మీదికెక్కి సున్నం వేసినవాడు లెక్కలో ఉండడు. చూసేవాడికే కోణం ఉంటుంది, ఎక్కేవాడికి ఉండదు. వడ్డీ లెక్కలో బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. మా వాడల్లో అప్పు 'నూటికి రెండు', 'నూటికి మూడు' అని నడుస్తుంది. అది నెలకు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. బారువడ్డీ మీద పది మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి కూడా తన తల్లి తెచ్చిన అప్పు ఎన్ని శాతమో బడి చెప్పలేదు. మేస్త్రీ గోడ మూల సరిచూడ్డానికి ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు కొలిచి, ఆ రెండు కొసల మధ్య అయిదడుగులు వచ్చిందా లేదా చూస్తాడు. ఆ సూత్రానికి బౌధాయనుడి పేరు పెట్టాలా, పైథాగరస్ పేరు పెట్టాలా అని పండితులు కొట్లాడుకుంటారు. మేస్త్రీ ఎవరికీ గుర్తురాడు.

మేడ్చల్, శామీర్‌పేటల నిత్యజీవితం అంటే ఇవాళ భూమి. ఒకపక్క 44వ నంబరు జాతీయ రహదారి, ఇంకోపక్క రాజీవ్ రహదారి, అడ్డంగా ఔటర్ రింగ్ రోడ్డు. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. ఎటు చూసినా ప్లాట్ల రాళ్లు. ఇక్కడ భూమి ఎకరాల్లో కొంటారు, గజాల్లో అమ్ముతారు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు, అంటే ఎకరానికి 4,840 గజాలు. ఈ మూడు కొలతల మధ్య దారి తెలిసినవాడు బాగుపడ్డాడు, తెలియనివాడు కూలికి పోయాడు. పేదలకిచ్చిన ఎసైన్డ్ భూముల బదలాయింపును 1977 చట్టం నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంటే సరిపోదు, ఆ కాగితం చదివే లెక్క కూడా రావాలి.

ఒక్క ఉదాహరణ చాలు. తాత పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం 1.20 అని ఉందనుకుందాం. బడిలో దశాంశాలు నేర్చుకున్న పిల్ల ఏం చేస్తుంది? 1.20 అంటే 1.2. దాన్ని 40తో గుణిస్తే 48 గుంటలు. బడి దృష్టిలో ఇది తప్పులేని లెక్క. కానీ ఆ చుక్క దశాంశ బిందువు కాదు. చుక్కకు ముందున్నవి ఎకరాలు, వెనకున్నవి గుంటలు. ఎకరం ఇరవై గుంటలు, అంటే 60 గుంటలు. తేడా 12 గుంటలు. గజాల్లో 1,452. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన అన్ని గజాలంటే ఒక కుటుంబం మూడు తరాల బతుకు. బళ్లో ఒప్పయిన లెక్క భూమి దగ్గర తప్పయింది. అక్షరం రాని తాతకు 'ఎకరం ఇరవై గుంటలు' అని నోటికి తెలుసు. చదువుకున్న మనవరాలికి తెలియలేదు. ఈ తెలివితక్కువతనం పిల్లది కాదు, తాత లెక్కను లెక్కలోకే తీసుకోని చదువుది.

ఇప్పుడు వీడియో పాఠం దగ్గరికి వద్దాం. దాన్ని ఊరికే తిట్టడం మా పని కాదు. క్లాసులో చెయ్యెత్తితే అందరూ నవ్వుతారేమోనని భయపడే పిల్ల ఒకే పాఠాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి చూడొచ్చు. ఆ సిగ్గు చిన్న విషయం కాదు. బడిలో అంబేడ్కర్‌ను అయ్యవారు నల్లబల్ల దగ్గరికి పిలిస్తే క్లాసంతా గోల చేసింది. బల్ల వెనక తమ టిఫిన్ డబ్బాలున్నాయని, అవి మైలపడతాయని. డబ్బాలు పక్కకు లాగాకే ఆయన బల్ల ముట్టుకోగలిగాడు. 1923లో రూపాయి సమస్య మీద గ్రంథం రాసింది ఆ పిల్లవాడే. తెర వెనక ఎవరి డబ్బాలూ ఉండవు, అది మేలే. కానీ తెర ముందు కూర్చునే వీలు అందరికీ ఉందా? 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు చెప్పినప్పుడు ఈ సంగతి తేలిపోయింది. ఇంటికి ఒకటే ఫోను, అదీ పనికిపోయిన నాయిన జేబులో. టీవీ చెప్పుకుంటూ పోతుంది, మధ్యలో ఆపి అడిగితే పలకదు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. యంత్రానికి ఒప్పు, తప్పు తెలుసు. పిల్ల ఎందుకలా రాసిందో తెలియదు. పైన చెప్పిన 48 గుంటలకు అది పచ్చ టిక్కు పెడుతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు సరిచూడటమే దాని పని. అసలు ప్రశ్న ఎవరు వేయాలన్నది దానికి పట్టదు.

అయితే గుంటలు, గజాలు, మేస్త్రీ కొలతలు పుస్తకంలో పెడితే చాలా? చాలదు. ఇక్కడే మనవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. 2005 చట్రం కోసం ఆర్. రామానుజం అధ్యక్షతన పనిచేసిన గణితబోధన బృందం రెండు లక్ష్యాలు చెప్పింది. చిన్నది, బతుకుతెరువుకు పనికొచ్చే లెక్కలు. పెద్దది, పిల్లల ఆలోచననే గణితంగా మలచడం. మా భయమేమంటే, నిత్యజీవితం పేరు చెప్పి వాడ పిల్లలకు చిన్న లక్ష్యం, కార్పొరేట్ కాలేజీ పిల్లలకు పెద్ద లక్ష్యం పంచేస్తారని. చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడికి తోలు లెక్క, బిల్డర్ కొడుక్కి బీజగణితం! ఇది కులవృత్తిని తిరిగి పాఠంగా చెప్పడమే అవుతుంది. జవహర్‌నగర్‌లో 2008 నుంచి బిట్స్ క్యాంపస్ ఉంది. అందులో కుల రిజర్వేషన్లు లేవు, ప్రవేశ పరీక్షలో గణితం ఉంది. శామీర్‌పేటలో నల్సార్ ఉంది. దాని ప్రవేశ పరీక్ష క్లాట్‌లో 2020 నుంచి పదో తరగతి స్థాయి గణితం ఒక భాగం. ఆ గోడల పక్కనే పుట్టిన మన పిల్లలకు లోపలికి పోయే దారి నైరూప్య గణితం గుండానే ఉంది.

బ్రెజిల్‌లోని రెసిఫె వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లల మీద 1985లో ఒక పరిశోధన వచ్చింది. బేరంలో నూటికి 98 లెక్కలు సరిగ్గా చేసిన ఆ పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చేశారు. పిల్లలకు బుర్ర లేక కాదు, వీధికీ బడికీ మధ్య వంతెన లేక. ఆ వంతెన కట్టడానికి పూనుకున్నవాడు అమెరికా నల్లజాతి ఉద్యమకారుడు బాబ్ మోజెస్. 1960లలో మిసిసిపీలో ఓటు హక్కు కోసం తిరిగాడు. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టి, బీజగణితం కూడా పౌరహక్కేనన్నాడు. పిల్లల్ని రైలెక్కించేవాడు. తర్వాత ఆ ప్రయాణాన్ని బొమ్మ గీయమనేవాడు, తమ ఇంటి మాటల్లో చెప్పమనేవాడు, ఆ మాటల్ని పాఠం భాషలోకి మార్చి చివర గుర్తుల్లో రాయించేవాడు. ధన, రుణ సంఖ్యలు అట్లా పుట్టేవి.

మన దగ్గర రైలు బదులు పాసుపుస్తకం పెడదాం. పిల్లలు పొలం గట్టు మీద నడవాలి. బొమ్మ గీయాలి. 'మా తాతకు ఎకరం ఇరవై గుంటల జాగ ఉండె' అని తమ మాటల్లోనే చెప్పాలి. తర్వాత ఎకరాలను ఎ, గుంటలను గు అంటే మొత్తం గుంటలు 40ఎ + గు, గజాలు 121(40ఎ + గు) అని రాయాలి. ఇప్పుడది ఒక్క తాత పొలం లెక్క కాదు, ఏ పొలానికైనా చెల్లే సూత్రం. 40 చోట 60 పెడితే గంటలు, నిమిషాలు. 10 పెడితే దశాంశాలు. స్థానవిలువ అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. ఫోను పని కూడా అప్పుడే వస్తుంది. గూగుల్ ఎర్త్‌లో అదే పొలం చుట్టూ గీత గీసి విస్తీర్ణం చూసి, పాసుపుస్తకంతో పోల్చి, తేడా ఎందుకొచ్చిందో వాదించాలి. ప్రశ్న పిల్లది, పరికరం దాని వెనక నడవాలి.

టీచర్లుగా ఉన్న మన మిత్రులు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు, దీనికి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే ఉంది. ప్రతి బడికీ గణితం టీచరు కావాలి. వీడియో ఆ టీచరు చేతికి రావాలి, టీచరు కుర్చీలోకి కాదు. పాఠాలు తయారుచేసే కమిటీల్లో మన వాడల నుంచి వచ్చిన గణితం టీచర్లు ఉండాలి. మన బతుకు పుస్తకంలోకి రావాలి, అక్కడి నుంచి మన పిల్లలు బీజగణితం దాకా, ఇంకా పైదాకా పోవాలి. ఈ రెండింటిలో ఒకటే ఇస్తామంటే ఒప్పుకోవద్దు.