కర్త లేని వాక్యం

వ్యాపార లేఖలను సాహిత్య విమర్శ సాధారణంగా ముట్టుకోదు. అవి సాహిత్యం కావన్న మాట నిజమే. కాని నేటి తెలుగు పాఠకుడు నిత్యం చదివే వచనంలో కొంత భాగం ఏదో ఒక సంస్థ పౌరసంబంధాల శాఖలో ఇంగ్లీషులో పుట్టి, అనువాదకుని చేతిమీదుగా పత్రికలోకి దిగినదే. ఆ అనువాదాలు చేసి పొట్ట పోసుకొనే వారిలో మన రచయితలూ ఉన్నారు. అందుచేత ఆ వచనపు గుణదోషాల విచారణ మనకు సంబంధించని పని కాదు.

ఒక్క లేఖను తీసుకొని చూద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు బి. రామలింగరాజు తన డైరెక్టర్ల మండలికి వ్రాసినది. 1987లో హైదరాబాదులో వెలసిన ఆ కంపెనీ లెక్కలలో 5,361 కోట్ల రూపాయలుగా చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆ లేఖ బయటపెట్టినది. ఆర్థిక నిపుణులు అంకెలను పరిశీలించారు, న్యాయవాదులు నేరాన్ని పరిశీలించారు. వాక్యాలను పరిశీలించవలసిన వారం మనం.

లేఖలోని ప్రధాన వాక్యం భావమిది: నిజమైన లాభానికీ పుస్తకాలలో చూపిన లాభానికీ మధ్య స్వల్పంగా మొదలైన అంతరం ఏళ్ల తరబడి పెరుగుతూ పోయినది. మొదలైనది, పెరిగినది. ఎవరు మొదలుపెట్టారు? ఎవరు పెంచారు? వాక్యంలో జవాబు లేదు. అంతరమే కర్త, అంతరమే క్రియ నడిపినది. వర్షాకాలంలో చెరువు నిండినట్లు అదంతట అదే నిండినది. ఆ అంతరాన్ని పూడ్చటానికి జరిగిన ప్రతి ప్రయత్నమూ విఫలమైనదని తరువాతి మాట. అక్కడా ప్రయత్నించినవాడు కనబడడు.

ఇంగ్లీషు కర్మణి ప్రయోగం వల్లనే మన పత్రికాభాష చెడినదని, ‘చేయబడినది, నిర్ణయించబడినది’ అనే ‘బడు’ రోగాన్ని వదిలించుకుంటే తెలుగు నిర్మలమవుతుందని మనం తరచు అనుకుంటాం. ఈ లేఖ ఆ నమ్మకాన్ని సడలిస్తుంది. అంతరం ‘పెరిగినది’ అన్న తెలుగు వాక్యంలో ‘బడు’ లేదు. అది అచ్చమైన తెలుగు. పెరుగు, పెంచు, మారు, మార్చు, తగ్గు, తగ్గించు అని మనకు క్రియలు జంటలుగా ఉన్నవి. కుండ పగలగొట్టిన పిల్లవాడు కుండ పగిలిందనే తల్లితో చెపుతాడు. దాక్కోవలసినవాడికి మన అకర్మక క్రియ చాలు, పరాయి వ్యాకరణం అరువు తెచ్చుకోనక్కరలేదు.

ఐతే ఇంగ్లీషు కప్పిపుచ్చినదాన్ని తెలుగు బయట పెట్టే చోటు కూడా ఈ లేఖలోనే ఉన్నది. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి 2,700 కోట్ల ఆదాయం, 649 కోట్ల నిర్వహణ లాభం చూపినట్లు, నిజానికి ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లే ఐనట్లు అందులో ఉన్నది. అక్కడ మొదటి అంకెలను ప్రకటించినది ఉత్తమ పురుష బహువచనం. ఇంగ్లీషులో దానికి ఒకే మాట. తెలుగు చేసేవాడు మాత్రం ‘మేము’ అనాలో ‘మనము’ అనాలో తేల్చుకోవాలి. ‘మనము’ అంటే లేఖ అందుకొంటున్న డైరెక్టర్లు కూడా అందులో చేరుతారు. కాని వారిలో ఎవరికీ, పూర్వపు సభ్యులకు సైతం, ఈ సంగతి తెలియదని అదే లేఖ చెపుతున్నది. కనుక ‘మేము’ అనాలి. ఆ మేములో ఎవరెవరున్నారు? పెద్ద ఉద్యోగులను పేర్లతో చెప్పి వారికీ తెలియదని లేఖ తప్పించినది. తప్పించగా తప్పించగా బహువచనంలో మిగిలేవారు ఎవరో చెప్పటం కష్టం. ఇంత పరీక్ష ఇంగ్లీషు పాఠకునికి ఎదురు కాదు. అనువాదకునికి మొదటి చిత్తుప్రతిలోనే ఎదురవుతుంది.

మరి ‘నేను’ ఎక్కడున్నది? అంతరాత్మ మీది బరువును మోసే చోట ఉన్నది. ఎనిమిదేళ్లుగా తాను వాటాలు అమ్ముకోలేదన్న చోట ఉన్నది. చట్టానికి తలవంచుతానన్న చోట ఉన్నది. బాధపడేది నేను, త్యాగం చేసినది నేను, శిక్షకు సిద్ధపడేది నేను; లెక్క మార్చినది మాత్రం ఎవరూ కారు. ఇది ఉద్దేశించి చేసిన రచనో, అలవాటు చేసిన పనో నిర్ణయించటం విమర్శకుని వంతు కాదు. వచనం మాత్రం అట్లా పనిచేస్తున్నది.

అందరూ గుర్తుంచుకొన్నది పులి ఉపమానం. పులినెక్కి స్వారీ చేయటం, దిగితే అది తినివేస్తుందన్న భయం. మన పత్రికలలోనూ అదే ప్రచారం పొందినది. ఉపమానంగా అది బలమైనదే, కాని దాని నైపుణ్యం వేరొక చోట ఉన్నది. ఆ బొమ్మలో స్వారీ చేసేవాడే ఆపదలో ఉన్నాడు. వాటాలు కొన్న చిన్న మదుపుదారు, జీతగాడు అందులో ఎక్కడా లేరు.

2008 డిసెంబరులో కొనబోయి మానుకొన్న మేటాస్ సంస్థల పేరు సత్యం అన్న పేరును ఇంగ్లీషు అక్షరాలలో తిరగవేసినదే. తెలుగు లిపిలో ఆ చమత్కారం కనబడనే కనబడదు.

ఈ కర్తృలోపం ఒక్క కంపెనీ ఆస్తి కాదు. 2009 ఎన్నికలలో డబ్బు పుచ్చుకొని వార్తలుగా అచ్చువేసిన ప్రకటనల గురించి విచారించటానికి ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని నియమించినది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి అందులో సభ్యులు. వారు తమ నివేదికలో పత్రికల పేర్లు చెప్పారు. 2010లో కౌన్సిల్ ప్రకటించిన సంక్షిప్త పాఠంలో ఆ పేర్లు లేవు. పూర్తి పాఠం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తరువాతనే వెలువడినది. అక్కడా జరిగినది వ్యాకరణం పనే, వాక్యాలుంచి కర్తలను తీసివేశారు.

వ్యాపారమూ పత్రికా జన్మవైరులని నేననను. అమృతాంజనం అమ్మిన కాశీనాథుని నాగేశ్వరరావుగారే 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని స్థాపించారు. మందు ప్రకటన మందు ప్రకటనగానే అచ్చుపడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అనువాదకుని చిక్కు వేరు. ‘పెరిగినది’ అన్నదాన్ని ‘పెంచాను’ అని మార్చటానికి అతనికి హక్కు లేదు; మూలం అట్లా చెప్పలేదు. లేఖను లేఖగా ఇచ్చేటప్పుడు దాని దాపరికం కూడా అనువాదంలోకి రావలసిందే, లేకుంటే పాఠకుడు దాన్ని పట్టుకోలేడు. కాని ఉల్లేఖన చిహ్నాలు ముగిసిన తరువాత, వార్తాకారుడు తన సొంత వాక్యం మొదలుపెట్టిన చోట, అదే ‘పెరిగిన అంతరం’ మళ్లీ ఎందుకు రావాలి? అక్కడ ‘పెంచి చూపిన లాభం’ అనటానికి అడ్డేమున్నది? 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజు సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి శిక్ష విధించినది. వారు అప్పీలు చేయగా మే నెలలో శిక్ష అమలు నిలిచినది. తీర్పు వ్రాసేవారికి అకర్మక క్రియతో సరిపెట్టుకొనే వెసులుబాటు ఉండదు. ఎవరు, ఎవరితో కలిసి, ఏ లెక్కను ఎట్లా మార్చారో వరుసగా చెప్పవలసి వస్తుంది.