పేరు ఒకటి, అర్థం మరొకటి: '401' సందేశంపై విమర్శ

వాతావరణ సమాచారాన్నో, పటాలనో మరో కంప్యూటరు నుంచి అడిగి తెచ్చుకునే మార్గమే వెబ్ ఏపీఐ. దాన్ని వాడే ప్రోగ్రాము రాసిన విద్యార్థికి తరచు ఎదురయ్యే జవాబు '401 అన్‌ఆథరైజ్డ్'. మాటను బట్టి చూస్తే 'నీకు అనుమతి లేదు' అని అర్థం. అది నమ్మి విద్యార్థి తన ఖాతాకు అనుమతులు పెంచుకునే ప్రయత్నంలో పడతాడు. లోపం మాత్రం అక్కడ ఉండదు.

వెబ్‌లో కంప్యూటర్ల సంభాషణకు నియమావళి హెచ్.టి.టి.పి. 1996 నాటి దాని 1.0 పత్రంలోనే ఈ పేరుంది. 2022లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9110 చెప్పే అర్థం వేరు: సరైన గుర్తింపు ఆధారాలు అందలేదు. హాల్ టికెట్ లేకుండా పరీక్షకు వెళితే 401. హాల్ టికెట్ సరైనదే అయినా ఆ గది మీది కాకపోతే 403. మొదటిది గుర్తింపు సమస్య, రెండవది అనుమతి సమస్య. ఈ రెండింటినీ కలగాపులగం చేయడమే ఆ పేరులోని దోషం. గుర్తింపు ఆధారాలను మోసే హెడర్‌కు కూడా 'ఆథరైజేషన్' అనే పేరు పెట్టి గందరగోళాన్ని రెట్టింపు చేశారు.

ఇన్నేళ్లయినా ఎందుకు దిద్దలేదు? హెడర్ పేరు మారిస్తే లెక్కలేనన్ని పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. 'రెఫరర్' హెడర్‌లోని అక్షరదోషం నేటికీ అలాగే ఉండటానికి కారణం కూడా ఇదే. ఈ వాదన సమంజసమే.

నియమావళికి న్యాయం చేయాలంటే మరో మాట చెప్పాలి. 401 పంపే సర్వరు ఏ పద్ధతిలో గుర్తింపు చూపాలో 'డబ్ల్యు.డబ్ల్యు.డబ్ల్యు.-ఆథెంటికేట్' హెడర్‌లో తప్పక తెలపాలని అది శాసించింది. కొన్ని సేవలు ఈ హెడర్‌ను పంపవు. కొన్ని కీ లేకపోయినా 403 ఇస్తాయి. నియమావళి పెట్టిన పేరు కన్నా, దాన్ని పాటించని ఈ అలసత్వమే విద్యార్థికి ఎక్కువ చేటు చేస్తోంది.

కనుక 401 రాగానే అనుమతుల జోలికి పోకండి. ముందు ఆ హెడర్ చదవండి. కీతో పాటు ఖాళీ జాగా ఏదైనా కాపీ అయిందా, టోకెన్‌కు ముందు 'బేరర్' అనే మాట మరిచారా, టోకెన్ గడువు తీరిందా, కంప్యూటరు గడియారం సరిగా ఉందా చూడండి. సాయం కోరేటప్పుడు మాత్రం కీని ఎవరికీ చూపకండి. దాన్ని పట్టుకున్నవారెవరైనా సర్వరు దృష్టిలో మీరే.