కౌలు అధ్యయనం నుంచి కౌలు కార్డు వరకు: మార్టూరు ప్రాంత నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
సామాజికశాస్త్ర పరిశోధన విశ్వవిద్యాలయం దాటి చట్టరూపం పొందేటప్పుడు అందులో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అనే ప్రశ్నను కౌలుదారుల గుర్తింపు చట్టాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కౌలు, అనువర్తిత సామాజికశాస్త్రం, సాగుదారు, భూయజమాని, రుణం.

1. ఉపోద్ఘాతం:
మార్టూరు పత్తి, మిరప పండే ప్రాంతం. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి, అనంతరం బాపట్ల జిల్లాలో చేరింది. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు ఉద్ధృతికి పత్తి నాశనమైనప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు సంభవించాయి. ఈ సంక్షోభాన్ని పరిశీలించిన అధ్యయనాలు పురుగు దగ్గరే ఆగలేదు. నోటిమాట కౌలు, ప్రైవేటు అప్పు, దుకాణంలో అరువుకు తెచ్చే పురుగుమందు పరస్పరం ముడిపడి ఉన్నాయని చూపాయి.

2. పరిశోధన నుంచి చట్టానికి:
2004లో ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన నియమించిన రైతు సంక్షేమ కమిషన్ కౌలుదారులను గుర్తించి నమోదు చేయాలని సిఫార్సు చేసింది. 2011 చట్టం కౌలుదారుకు ఏడాది కాలానికి రుణ అర్హత కార్డును కల్పించింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందాన్ని, దానిపై భూయజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది.

3. సంబంధం జారిపోయిన చోటు:
పరిశోధన కౌలును ఒక సంబంధంగా చూపింది. చట్టం దానిని ఒక వర్గంగా మాత్రమే స్వీకరించింది. కాగితం మీదికి ఎక్కితే భూమి చేజారుతుందన్న యజమాని భయమే కౌలు నోటిమాటగా ఉండటానికి ప్రధాన కారణం. కౌలుదారు అదే యజమాని వద్ద సంతకం అడగాలి. గట్టిగా అడిగితే వచ్చే ఏడు ఆ చేను మరొకరికి పోవచ్చు. అందువల్ల కార్డు అవసరం ఎక్కువగా ఉన్నవారికే అది అందటం కష్టమవుతుంది.

ఈ నిబంధనకు ఒక సమర్థన లేకపోలేదు. సంతకం లేని కార్డును యజమానులు అనుమానించారు. అప్పటికే యజమాని పట్టాదారు పాసుపుస్తకంపై రుణమిచ్చిన బ్యాంకు, అదే భూమిపై మరొకరికి ఇవ్వడానికి జంకింది. కాబట్టి యజమాని నమ్మకం పొందడం అవసరమే. అయితే ఆ నమ్మకాన్ని సంపాదించే బాధ్యతను రాజ్యం తాను స్వీకరించక, బేరమాడే శక్తి అతితక్కువగా ఉన్న కౌలుదారుపై మోపింది. చట్టంలోని ప్రధాన లోపం ఇదే.

4. ఉపసంహారం:
నివేదిక సమర్పణతో పరిశోధన అనువర్తనం పూర్తికాదు. సిఫార్సు దరఖాస్తు ఫారంగా మారాక పరిశోధకుడు తిరిగి గ్రామానికి వెళ్లాలి. మార్టూరు వంటి మండలంలో దున్నేది ఎవరు, సంతకం చేసేది ఎవరు, పంటనష్ట పరిహారం ఎవరి ఖాతాలో పడుతోంది అన్న మూడు ప్రశ్నలతో ఒక క్షేత్రపరిశీలన జరగాలి. సరిహద్దు రైతుల సాక్ష్యం, ఈ-పంట నమోదు యజమాని సంతకానికి ప్రత్యామ్నాయం కాగలవేమో పరీక్షించాలి. తన సిఫార్సు గ్రామంలో ఏమైందో తెలుసుకోని పరిశోధన, ఎంత సత్యమైనదైనా, సగంలో ఆగినదే.