చేతిలో మిగిలే సగం విమానం

రేడియోతో నడిపే నమూనా విమానంలో సగం గాలిలో ఎగురుతుంది, మిగతా సగం నేలమీద నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది. ఎగిరే సగం బాల్సా కర్రతోనో ఫోమ్ పలకతోనో తయారై, కొన్నాళ్లు బతికి, చివరికి ఏ చెట్టుకో కరెంటు తీగకో తగిలి ముక్కలవుతుంది; చేతిలోని సగం, అంటే ట్రాన్స్‌మిటర్, సరిగా ఎంచుకుంటే అలాంటి విమానాలను ఎన్నింటినో దాటి మిగులుతుంది. అయినా ఈ విద్యలో కొత్తగా అడుగుపెట్టేవారు విమానాన్ని చూసి మనసు పారేసుకుని, ట్రాన్స్‌మిటర్‌ను దానితో పాటు వచ్చే సామానుగా లెక్కగట్టడం సర్వసాధారణం. పెట్టె మీద అచ్చువేసిన అంకెల కన్నా, దాన్ని ఎవరి పక్కన నిలబడి, ఏ మైదానంలో, ఎలాంటి వాతావరణంలో వాడబోతున్నారన్నదే ఎంపికను నిర్ణయించాలన్న సంగతి కోల్‌కతా లాంటి నగరంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఈ నగరంలో నమూనా విమానాల విద్య నిన్న మొన్నటిది కాదు. రస్సెల్ వీధిలోని ఇండియాస్ హాబీ సెంటర్ బాల్సా కర్ర కిట్లతో పాటు ‘అరోరా’ పేరుతో 1.5 సీసీ డీజిల్ ఇంజన్లను తయారుచేసింది. విదేశీ సామాను తెప్పించుకోవడం గగనమైన దశాబ్దాల్లో ఈ అభిరుచికి స్వదేశంలో దొరికిన కొద్దిపాటి ఆధారాల్లో అదొకటి. ఆ కాలపు ఎగురవేతలో ఎక్కువ భాగం ‘కంట్రోల్ లైన్’ పద్ధతిలో సాగేది. పైలట్ మధ్యలో నిలబడి, రెండు సన్నని ఉక్కు తీగల చివరనున్న పిడిని పట్టుకుంటే, విమానం అతని చుట్టూ వలయంగా తిరుగుతుంది. పిడిని పైకీ కిందికీ వంచినప్పుడు తోకలోని ఎలివేటర్ అనే రెక్క కదిలి విమానం ఎక్కడమో దిగడమో చేస్తుంది. ఎన్‌సీసీ వైమానిక విభాగం తన క్యాడెట్లకు నేర్పే ఏరోమోడలింగ్‌లో ఈ పద్ధతి రేడియో విమానాలతో పాటు స్థానం నిలుపుకుంది. దీని విలువ తీగల బిగువులో ఉంది: విమానం ఏం చేస్తున్నదో ఆ లాగుడు ద్వారా చేతికి నేరుగా తెలుస్తుంది. రేడియో రాకతో విమానం ఆకాశంలో ఎటైనా పోగల స్వేచ్ఛ సంపాదించుకుంది గాని, చేతికి తిరిగివచ్చే ఆ లాగుడు పోయింది. కంటితో చూసి వేలితో జవాబు చెప్పడమే మిగిలింది. ఆ వేలికింద ఉండే పరికరం నాణ్యతకు ఇంత ప్రాధాన్యం రావడానికి మూలం ఇక్కడుంది.

ట్రాన్స్‌మిటర్ చేసే పని సూత్రరీత్యా సులువైనది. పైలట్ కదిపే ప్రతి పుల్ల, అంటే స్టిక్, ఎక్కడుందో కొలిచి, ఆ కొలతలను వరుసగా పేర్చి రేడియో తరంగం మీద పంపుతుంది. విమానంలోని రిసీవర్ ఆ వరుసను విడదీసి, ఒక్కో కొలతను ఒక్కో సర్వోకు, అంటే రెక్కలను కదిపే చిన్న మోటారుకు, అందిస్తుంది. సర్వోకు చేరేది ఒక విద్యుత్ స్పందన మాత్రమే: అది సెకనులో వెయ్యోవంతు సేపు ఉంటే ఒక కొసకు, దానికి రెట్టింపు సేపు ఉంటే రెండో కొసకు, ఒకటిన్నర రెట్లుంటే నడిమధ్యకు సర్వో తిరుగుతుంది. ఇలా విడిగా నడపగల ఒక్కో దారిని చానెల్ అంటారు. ఇంజన్ వేగానికి థ్రాటిల్, ఎక్కడానికీ దిగడానికీ ఎలివేటర్, పక్కకు ఒరగడానికి ఎయిలెరాన్, ముక్కును తిప్పడానికి రడ్డర్ అన్న నాలుగూ ప్రాథమికమైన చానెళ్లు.

నమూనా విమానాల రేడియోలు చాలాకాలం 27, 35, 72 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేశాయి. ఒక్కో సెట్టుకు ఒక్కో స్ఫటికం ఒక నిర్దిష్ట పౌనఃపున్యాన్ని కట్టబెట్టేది గనుక, ఒకే స్ఫటిక సంఖ్య ఉన్న ఇద్దరు ఒకేసారి స్విచ్ వేస్తే అప్పటికే గాలిలో ఉన్న విమానం కూలడం ఖాయం. అందుకే మైదానంలో ఒక పలక, దానికి సంఖ్యలు వేసిన క్లిప్పులు ఉండేవి. తన సంఖ్య క్లిప్పు చేతికి అందేదాకా ఎవరూ ట్రాన్స్‌మిటర్ వెలిగించకూడదన్నది కట్టుబాటు. ఆనాటి రిసీవర్ వెనక మీటరు పొడవున తీగ వేలాడేది, ఎందుకంటే 72 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం నాలుగు మీటర్ల పైచిలుకు, తీగ అందులో నాలుగోవంతు.

2005 ప్రాంతం నుంచి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి ఆ పలకలను మూలపడేశాయి. ఇక్కడ తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లే. ఇంత పొట్టి తరంగాలతో పని తీసుకోవడం కోల్‌కతాకు కొత్తేమీ కాదు: జగదీశ్‌చంద్ర బోస్ 1894–96 మధ్య ప్రెసిడెన్సీ కళాశాలలో అంతకన్నా ఎంతో పొట్టివైన మిల్లీమీటరు తరంగాలను పుట్టించి, పట్టి చూపారు, ఆ రోజుల్లోనే కలకత్తా టౌన్‌హాల్‌లో గోడల అవతలికి తరంగాలు పంపి గంట మోగించి, మందుగుండు పేల్చారు. దూరాన ఉన్న వస్తువును తీగ లేకుండా పనిచేయించడమే రిమోట్ కంట్రోల్ అయితే, 1898లో న్యూయార్క్‌లో టెస్లా నడిపిన పడవ కన్నా ఇది ముందుది. మార్కోనీ దారిలో పొడవు తరంగాల వైపు సాగిన రేడియో, బొమ్మ విమానాల విషయంలో వందేళ్ల తర్వాత బోస్ ఉన్న దిక్కుకు మళ్లిందనవచ్చు.

2.4 గిగాహెర్ట్జ్ సెట్టు ఒకే పౌనఃపున్యాన్ని అంటిపెట్టుకోదు. ఆ పౌనఃపున్యాల పట్టీ పొడుగునా క్షణక్షణం స్థానం మారుతూ, తనదైన గుర్తింపు సంఖ్యను ప్రతి సందేశానికీ జోడిస్తుంది. ఆ సంఖ్యను రిసీవర్‌కు ఒకసారి నేర్పడాన్ని బైండింగ్ అంటారు. ఆ తర్వాత పక్కన పదిమంది ఎగరేస్తున్నా రిసీవర్ తన యజమాని మాటే వింటుంది. అయితే పొట్టి తరంగానికి దాని బలహీనత దానికుంది. యాంటెన్నా ప్రసారం దాని చుట్టూ గారె ఆకారంలో పరుచుకుంటుంది: పక్కల్లో బలంగా, కొస దిక్కున ఖాళీగా. విమానం వైపు యాంటెన్నాను వేలు చూపినట్టు గురిపెట్టేవాడు, అది మంచిదనుకుంటూనే, ఆ ఖాళీని విమానం మీదికి తిప్పుతున్నాడు. రిసీవర్‌కు రెండు యాంటెన్నాలుంటే వాటిని ఒకదానికొకటి లంబకోణంలో అమర్చి, చివర్లలో పైతొడుగు తీసిన సుమారు 31 మిల్లీమీటర్ల కొసను బ్యాటరీకీ కార్బన్ కడ్డీలకూ దూరంగా ఉంచాలి. ఆకుల్లోని తేమ ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది కనుక, బెంగాల్ పచ్చదనంలో వరుస చెట్ల వెనక్కి విమానాన్ని పోనిస్తే సంకేతం సన్నగిల్లుతుంది.

ఇక ఎంపికలో మొదట పరీక్షించవలసింది స్టిక్కులను. వాటిని మోసే కీళ్ల అమరికను గింబల్ అంటారు. పాతవాటిలో స్టిక్ స్థానాన్ని ఒక పట్టీ మీద రాసుకుంటూ జారే పొటెన్షియోమీటర్ కొలుస్తుంది, కొత్తవాటిలో అయస్కాంతాన్ని తాకకుండా పసిగట్టే హాల్ సెన్సర్ కొలుస్తుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువైన ఊళ్లో ఆ పట్టీ మరీ తొందరగా పాడవుతుంది; కోల్‌కతాలో హాల్ గింబల్‌కు అదనంగా పెట్టే డబ్బు దండగ కాదు. దుకాణంలోనే తేల్చుకోగల పరీక్ష ఒకటుంది: తెర మీద చానెళ్ల స్థితి చూపే పేజీ తెరిచి, స్టిక్‌ను ఒక మూలకు లాగి వదిలిపెట్టి, గీత ప్రతిసారీ అదే సున్నా దగ్గరికి వస్తున్నదో లేదో చూడాలి. ఒకసారి రెండంకెలు అటు, మరోసారి రెండంకెలు ఇటు ఆగితే, ఆ తేడా గాలిలో విమానం దానంతటది ఒరగడంగా బయటపడుతుంది. స్ప్రింగు బిగువు, స్టిక్ పొడవు మార్చుకునే వీలుందా అన్నదీ చూడాలి. బొటనవేళ్లతో నడిపేవారికి పొట్టి స్టిక్, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టేవారికి పొడవైన స్టిక్ నప్పుతాయి.

రెండోది గురువు. ఎడమ స్టిక్ మీద థ్రాటిల్, రడ్డర్, కుడి స్టిక్ మీద ఎలివేటర్, ఎయిలెరాన్ ఉండే అమరికను మోడ్ 2 అనీ, థ్రాటిల్, ఎలివేటర్ చేతులు మారిన అమరికను మోడ్ 1 అనీ అంటారు. ఏది మేలన్న వాదన ఎంతసేపు సాగినా తేలదు. నేర్పేవారు ఏ మోడ్‌లో ఎగరేస్తారో అదే నేర్చుకునేవారికీ సరైనది, ఎందుకంటే ఆపద సమయంలో రేడియో వారి చేతికి పోవాలి. అంతకన్నా మేలైన ఏర్పాటు ట్రైనర్ పద్ధతి: రెండు ట్రాన్స్‌మిటర్లను తీగతోనో తీగ లేకుండానో కలుపుతారు, గురువు ఒక స్విచ్ నొక్కిపట్టినంతసేపు శిష్యుడు నడుపుతాడు, వదిలిన మరుక్షణం విమానం గురువు చేతికి వస్తుంది. రెండు రేడియోలూ ఒకదాని మాట ఒకటి వినగలిగినవైతేనే ఇది సాధ్యం. కాబట్టి పెట్టె మీది వివరాలు చదివేముందు, తాను ఎగరేయబోయే మైదానంలో పెద్దవాళ్లు ఏం వాడుతున్నారో ఒక ఆదివారం వెళ్లి చూసిరావడం ఉత్తమం.

చానెళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నేర్చుకునే విమానానికి నాలుగు చాలు, ఆరు ఉంటే కొన్నేళ్లు గడుస్తాయి; రెక్కలో నాలుగు సర్వోలున్న గ్లైడర్ దాకా పోదలచినవారికి ఎనిమిది కావాలి. అంతకన్నా ఉపయోగపడేది మిక్సింగ్, అంటే ఒక స్టిక్ కదలికను రెండు సర్వోలకు పంచే ఏర్పాటు. తోక లేని డెల్టా రెక్క విమానాలు ఇది లేనిదే ఎగరవు. ఎక్స్‌పొనెన్షియల్ అనే మరో సదుపాయం స్టిక్ మధ్య భాగంలో స్పందనను మందగింపజేసి కొసల్లో పూర్తిగా వదులుతుంది. కొత్తవారి వణికే వేళ్లకు 30 శాతం ఎక్స్‌పో పెట్టడం వాడుక. ఈ అమరికలన్నీ ట్రాన్స్‌మిటర్ తెర మీదే మార్చుకోగలగాలి. మన దేశంలో విద్యార్థుల చేతుల్లో విరివిగా కనిపించిన ఫ్లైస్కై సీటీ6బీ తెర లేని సెట్టు. దాని అమరిక మార్చాలంటే కంప్యూటర్‌కు తీగ కలపాలి, ఆ కంప్యూటర్ మైదానంలో ఉండదు. అదే సంస్థ తెచ్చిన ఎఫ్‌ఎస్-ఐ6 ఆ లోటు తీర్చింది.

ఫుటాబా, స్పెక్ట్రమ్, ఫ్లైస్కై, ఫ్రస్కై సంస్థల సంకేత భాషలు వేటికవే. ఒకరి ట్రాన్స్‌మిటర్‌కు మరొకరి రిసీవర్ సాధారణంగా లొంగదు. ప్రతి విమానానికీ ఒక రిసీవర్ కావాలి కనుక, ట్రాన్స్‌మిటర్ ధర ఒకసారి పెట్టే ఖర్చు, రిసీవర్ ధర జీవితకాలపు ఖర్చు. రేడియోమాస్టర్ లాంటి సంస్థలు పలు భాషలు మాట్లాడే మాడ్యూల్‌ను, అందరికీ తెరిచి ఉన్న ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌ను కలిపి ఇవ్వడంతో ఈ బంధం సడలింది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్వేచ్ఛ మొదటి నెలలో భారమే. పక్కన తెలిసినవారు లేకపోతే కొత్తవారికి సాదా సెట్టే నయం.

చట్టం సంగతి చివరికి వదిలేసేవారు ఎక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒక వాటు ప్రసార శక్తి, యాంటెన్నాతో కలిపి నాలుగు వాట్ల ప్రభావ శక్తి మించకుండా లైసెన్స్ లేకుండా వాడుకునే వీలును కేంద్రం 2005లో కల్పించింది. అభిరుచి రేడియోలు సాధారణంగా ఇందులో పదోవంతుకు అటూ ఇటూగా ఉంటాయి. దూరం ఎక్కువ వస్తుందని అమెరికా నుంచి తెప్పించే 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్ల కథ వేరు: 890–915 మధ్య భాగం మన దేశంలో మొబైల్ ఫోన్లది, లైసెన్స్ అక్కరలేని పట్టీ 865 దగ్గర మొదలై కొద్దిమేరకే ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ దిగుమతికి వైర్‌లెస్ విభాగం ఇచ్చే పరికరాల ఆమోదం, అంటే ఈటీఏ, ఉండాలి. ఎగరేసే చోటికి 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి: 25 కిలోలకు మించని, వినోదానికో విద్యకో కంటిచూపు మేరలో నడిపే నమూనాలకు టైప్ సర్టిఫికెట్ అక్కరలేదు గాని, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు దాటరాదు, అంతకన్నా దగ్గరలో ఆంక్షలు ఇంకా గట్టివి. ఈశాన్యాన దమ్‌దమ్, నైరుతిలో బెహలా, ఉత్తరాన బారక్‌పూర్ వైమానిక స్థావరం ఉన్న నగరంలో ఈ వలయాలు గీసి చూస్తే మిగిలే జాగా తక్కువ. నడిబొడ్డున ఎంత విశాలంగా కనిపించినా మైదాన్ సైన్యం అధీనంలోని నేల. ఎగరేసేవారు ఊరి వెలుపలి పొలాల దారి పట్టక తప్పదు కనుక, అక్కడ చార్జింగ్ దొరకదన్న లెక్కతో బ్యాటరీ చూసుకోవాలి.

ఆ బ్యాటరీ గదిలో ఉండే స్ప్రింగులను వర్షాకాలం ముగిశాక ఒకసారి విప్పి చూడటం మంచిది. విడి సెల్స్ వేసే సెట్లలో స్ప్రింగు మొదట్లో పచ్చని పూత పుడుతుంది. అది కనిపించకుండానే ఓల్టేజీని తినేసి, స్టిక్ గట్టిగా కదిపిన క్షణంలో సెట్టు ఆరిపోయేలా చేయగలదు. రబ్బరు పూత పూసిన పిడులు కూడా ఈ ఉక్కలో జిగురుగా మారుతాయి. సంకేతం తెగితే రిసీవర్ ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే ఫెయిల్‌సేఫ్‌లో థ్రాటిల్‌ను సున్నాకు పెట్టాలి. చివరి ఆజ్ఞనే పట్టుకుని ఉండమని వదిలేసిన విమానం పూర్తి వేగంతో ఎక్కడికో పోతుంది. ఎగరేసే ప్రతి రోజూ శక్తి తగ్గించే రేంజ్ చెక్ మీట నొక్కి, ముప్పై అడుగులు వేసి వెనక్కి నడిచి, రెక్కలు తడబడకుండా కదులుతున్నాయో చూడాలి.

పాత సెట్టు చవకగా దొరికితే వెనకవైపు చూడాలి. మాడ్యూల్ తీసి మార్చే వీలున్న 72 మెగాహెర్ట్జ్ ఫుటాబా, జేఆర్ సెట్లలో స్ఫటికమున్న పెట్టెను లాగేసి 2.4 గిగాహెర్ట్జ్ మాడ్యూల్ బిగిస్తే, గింబళ్లు బాగున్నంతకాలం అవి కొత్త రిసీవర్లతో పనిచేస్తాయి. కొనేముందు సున్నా పరీక్ష ఎలాగూ చేయాలి, ఆ మాడ్యూల్‌కు ఈటీఏ ఉందో లేదో కూడా అడగాలి.